నలభై ఏడు ఎర్ర వరుసలు

ఆడపడుచు వదినను మెచ్చుకోవడమంటే పట్టపగలు చుక్కలు కనపడ్డట్టే. అయినా చిట్టి తన వదినను మనసారా మెచ్చుకునేది. వదిన పదిహేనేళ్ళు బీమా ఆఫీసులో చేసింది. కాలని ఇళ్ళనీ, పోని నగలనీ పట్టి పట్టి, చివరికి పై అధికారి కారు దొంగతనం కూడా ఉత్తుత్తిదేనని తేల్చి, ఆ ఉద్యోగానికి నీళ్ళొదులుకుంది. తర్వాత ఇంటి ముందుగదికే ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు తగిలించింది. ఆ బోర్డుకి మేకు కొట్టడం తప్ప అన్నయ్య ఆ వ్యవహారంలో వేలు పెట్టలేదు. ఆ మేకు కూడా వంకరే.

గురువారం పొద్దున్నే ఆ వంకర బోర్డు కింద ఒకావిడ నిలబడి ఉంది. నలభై ఏళ్ళుంటాయి. మెడలో కొలతల టేపు, దాని పక్కనే నల్లదారానికి దారాలు తుంపే బుల్లి కత్తెర. ఇంట్లోంచి ఉన్నపళంగా వచ్చేసినట్టుంది. తలుపు తీసిన చిట్టిని చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాక సంగతి బయటికొచ్చింది. ఆవిడ బట్టలు కుడుతుంది. వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేస్తాడు. ఊళ్ళో అందరికీ ఆయన గడియారాల తాత. పగలు గడియారాలు, రాత్రి చుక్కలు, ఇవి తప్ప మూడో ప్రపంచం ఎరగడు. ఊళ్ళో ఆకాశం చూసేవాళ్ళ సంఘం ఒకటుంది. వాళ్ళు ఏడాదికోసారి, చంద్రుడు లేని రాత్రి చూసుకుని, ఊరి బయట పాత రాతి క్వారీ మీదికి టెలిస్కోపులు మోసుకుపోతారు. ఆకాశంలో మామూలు కంటికి ఆనని గెలాక్సీలూ, నక్షత్రాల గుంపులూ, మెరిసే ధూళి మేఘాలూ కలిపి నూట పది ఉన్నాయట. పొద్దుగూకింది మొదలు తెల్లారేలోగా ఆ నూట పదీ ఎవరికి వారే వెతికి పట్టుకోవాలి. కంప్యూటరు సాయం ఉండకూడదు. కనపడ్డ ప్రతిదాన్నీ ఎన్నింటికి చూశారో నోటుబుక్కులో రాయాలి.

"ఇరవై రెండేళ్ళుగా వెళ్తున్నారు," అంది ఆవిడ. "ఎప్పుడూ నూట ఏడో, నూట ఎనిమిదో. ఈసారి నూట పదీ దొరికాయి. దొరికితే దొంగ అన్నారు."

ఆదివారం సంఘం మీటింగు. ఆ రోజు గోడ మీది సభ్యుల పట్టికలోంచి ఆయన పేరు కొట్టేస్తారట. ఆయన నాలుగు రోజులుగా సరిగ్గా తినడం లేదు. టెలిస్కోపు మీద దుప్పటి కప్పేసి, ఎవరికైనా ఇచ్చేయమ్మా అన్నాడట.

వదిన ఆవిడ వంక కాసేపు చూసి, "మీరూ ఆ రాత్రి అక్కడున్నారా?" అంది.

"అర్ధరాత్రి ఫ్లాస్కులో టీ తీసుకెళ్ళి ఇచ్చి వచ్చేశాను."

అంతే. మిగతాది కనుక్కుంటామని వదిన ఆవిడను పంపించేసింది.

సంఘం కార్యదర్శికి మందుల షాపు ఉంది. తెల్లకోటు, బట్టతల, మాట్లాడేటప్పుడు కూడా మాత్రలు లెక్కపెడుతున్నట్టు ఆచితూచి ఉండే మనిషి. చెడ్డవాడిలా మాత్రం లేడు. షాపు వెనక గదిలో బీరువా తీసి తాత నోటుబుక్కు వాళ్ళ ముందు పెట్టాడు.

"మీరే చూడండి మేడం. మాకు రూలుంది. అర్ధరాత్రి ఒకసారి, నాలుగున్నరకి ఒకసారి నేను అందరి పుస్తకాలూ తనిఖీ చేస్తాను. అర్ధరాత్రికి బాబాయివి అరవై మూడు. పెన్సిలుతో రాసి ఉన్నాయి, ఇదిగో నా సంతకం. నాలుగున్నరకి చూస్తే అరవై మూడే. తర్వాత పేజీ నా తలకాయలా నున్నగా ఉంది. ఆయన టెలిస్కోపు మీదే వంగి ఉన్నాడు. పెద్దవాడు, ఓపిక లేక కునుకు తీసి ఉంటాడులే అని జాలిపడి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాను. తెల్లారాక పుస్తకం నా చేతికిచ్చి నవ్వుతూ నూట పది అన్నాడు."

తర్వాతి పేజీలు తిప్పాడు. నలభై ఏడు వరుసలు, అన్నీ ఎర్ర సిరాతో. పన్నెండుంపావు నుంచి అయిదు దాకా ప్రతిదానికీ టైము వేసి ఉంది.

"ఎర్ర సిరా అయితే?" అంది చిట్టి.

ఆయన చిట్టి వైపు చూసిన చూపులో జాలి ఉంది. తెల్లటి వెలుతురు పడితే చీకటికి అలవాటు పడ్డ కళ్ళు అరగంట దాకా మళ్ళీ దారికి రావనీ, అందుకని క్వారీ మీద అందరూ టార్చీలకు ఎర్ర కాగితం చుట్టుకుంటారనీ చెప్పాడు. ఎర్ర వెలుతురులో తెల్లకాగితమూ ఎర్రగానే ఉంటుంది. దాని మీద ఎర్ర సిరాతో రాస్తే అక్షరం ముక్క కనపడదు. అందుకే సంఘంలో అందరూ పెన్సిలే వాడతారు.

"నాలుగున్నరకి మీకు పేజీ ఖాళీగా కనపడిందంటే, రాసి ఉండి కనపడలేదేమో కదా," అంది వదిన.

"నేనూ ముందు అదే అనుకున్నాను మేడం. కానీ నాకు కనపడలేదు సరే, రాసేవాడికీ కనపడదు కదా. మొదటి అక్షరానికే తెలిసిపోతుంది. ఇంకో పెన్ను అడుగుతాడు. కనపడని రాత నలభై ఏడు వరుసలు ఎవరు రాస్తారు? పగటి వెలుతురులో రాసినవాడే ఎర్ర పెన్ను పట్టుకుంటాడు." గొంతు తగ్గించాడు. "ఈ ఆకాశం నాకు నేర్పిందే ఆయన. పరాయివాడైతే చూసీ చూడనట్టు వదిలేసేవాణ్ణి."

వదిన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పింది. అట్టకి పురికొస కట్టి ఉంది, దాని చివర పెన్సిలు లేదు. కొసను వేళ్ళ మధ్య నలిపి చూసింది. పీచు లేవలేదు. చివరి పేజీ మీద అడ్డంగా ఒక రబ్బరు బ్యాండు, సరిగ్గా ఆఖరి వరుస కింద. తొంభై రెండో వరుస, తొంభై మూడో వరుస ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. నూట నాలుగో వరుస పక్కన చిన్న మాట ఉంది: 'నాలుగూ పన్నెండు. మధ్యలోంచి ఉపగ్రహం ఒకటి పోయింది, కింది నుంచి పైకి.' వదిన ఆ వరుస రెండుసార్లు చదివి పుస్తకం మూసేసింది.

దారిలో చిట్టి తన అభిప్రాయం చెప్పింది. ముసలాయన ఆశకొద్దీ తప్పు చేశాడు, పాపం. ఇరవై రెండేళ్ళ ఆశ మరి.

"పాపమో పుణ్యమో మనిషిని చూసి చెబుదాం," అంది వదిన.

గడియారాల తాత దుకాణం అగ్గిపెట్టెంత ఉంది. గోడ నిండా గడియారాలే, ఏ రెండింటికీ పొత్తు కుదరలేదు. బల్ల మీద ఒక పెద్ద గడియారం పొట్ట విప్పి పెట్టి ఉంది, లోపలి చక్రాల మీద సన్నగా దుమ్ము. తాత స్టూలు మీద బిగుసుకుని కూర్చున్నాడు. వాళ్ళొచ్చిన అలికిడికి తలెత్తి, చిట్టి పక్కనున్న తలుపు చెక్కకి నమస్కారం పెట్టాడు.

కూర్చోమన్నాడు. వద్దన్నా వినకుండా ఫ్లాస్కులోంచి టీ పోశాడు. పోసేటప్పుడు చూపుడువేలు గ్లాసు అంచు లోపలికి పెట్టి, వేలికి వేడి తగలగానే ఆపాడు. ఆ టీ తాగాలా వద్దా అని చిట్టి చాలాసేపు ఆలోచించింది. ఆయన చేతి గడియారానికి అద్దం లేదు. ముళ్ళు రెండూ బోసిగా తిరుగుతున్నాయి. కుండలు చేసేవాడింట్లో పగిలిన కుండే ఉంటుందని చిట్టి లోపల నవ్వుకుంది.

"ఆ నలభై ఏడూ మీరు ఎప్పుడు రాశారు తాతగారూ?"

"చూసినప్పుడే రాశానమ్మా." ఆ మాట వదిన చెవి పక్కనున్న క్యాలెండరుతో చెప్పాడు.

"పెన్సిలు ఏమైంది?"

"టీ తాగాక వెతుక్కుంటే లేదు."

"ఎర్ర పెన్ను ఎక్కడిది?"

ఆయన వేళ్ళు గడియారం ముళ్ళ మీద మెల్లగా పాకి వెనక్కి వచ్చాయి. "పదకొండున్నరైంది," అన్నాడు. "మీకు ఆలస్యమవుతుందేమో."

బయటికి రాగానే చిట్టి ఇంక ఆగలేకపోయింది. "చూశావా వదినా? ఒక్కసారైనా మన మొహం వంక చూశాడా? అబద్ధమాడేవాడు కళ్ళల్లోకి చూడడని ఊరికే అన్నారా?"

"చూశాను," అంది వదిన. "నువ్వూ చూశావు. నీ గ్లాసులో ఆయన వేలు కూడా చూశావు. చూసినవన్నీ ఒక దారానికి గుచ్చు, ఏమవుతుందో."

చిట్టి ఇంటిదాకా గుచ్చుతూనే ఉంది. దండ కాలేదు.

మర్నాడు మూడో మనిషి దగ్గరికి వెళ్ళారు. ఆ రాత్రి క్వారీ మీద తాతకి పదడుగుల దూరంలో టెలిస్కోపు పెట్టుకున్నది బడిలో డ్రాయింగు టీచరు. ఆ తెల్లవారుజామున అయిదింటికే పిల్లలతో విహారయాత్ర బస్సెక్కి, నిన్న రాత్రే తిరిగొచ్చింది. జరిగిన గొడవ ఏదీ ఆవిడ చెవిన పడలేదు.

"పెన్నా? నేనే ఇచ్చాను," అంది, అదేదో గొప్ప విషయమా అన్నట్టు. "చీకట్లో వచ్చి, రాసుకోడానికి ఏదైనా ఉందా అని గుసగుసగా అడిగారు. బ్యాగులో చెయ్యి పెట్టి తగిలింది ఇచ్చాను."

వదిన అడిగితే ఆ బ్యాగు బల్ల మీద బోర్లించింది. రెండు రబ్బర్లు, సగం తిన్న బిస్కెట్టు పొట్లం, ఒక నీలం పెన్ను, అయిదు ఎర్ర పెన్నులు. పేపర్లు దిద్దే మనిషి బ్యాగులో ఇంకేం ఉంటాయి? ఆవిడ ఆ అయిదింటినీ చూసి, నెమ్మదిగా నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నావల్లేనా?"

"సగం మాత్రమే," అంది వదిన. "ఒకరితో ఒకరు చూసింది చెప్పుకుంటారా అక్కడ?"

అది నిషిద్ధమట. తనిఖీలో కార్యదర్శికి తప్ప ఆవిడ నోటుబుక్కు కూడా ఇంకా ఎవరికీ చూపించలేదు. వదిన అది తీసుకుని, నాలుగూ పన్నెండు దగ్గర వేలు పెట్టి ఆగింది. ఆవిడ టెలిస్కోపు ఎలాంటిదో అడిగింది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆకాశం చూడడం ఎలా నేర్పుతారో కూడా అడిగింది. ఆ రెండో ప్రశ్నకి టీచరు చెప్పిన జవాబు విని వదిన ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. అలా మూసుకుందంటే పని అయిపోయిందని చిట్టికి తెలుసు.

ఆ సాయంత్రం వదిన ఒక్కతే తాత దుకాణంలోకి వెళ్ళింది. చిట్టి బయట బెంచీ మీద కూర్చుంది. లోపల ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. గడియారాలు ఒకదాని తర్వాత ఒకటి, ఎవరికి తోచినప్పుడు అవి, ఆరు కొట్టాయి. వదిన బయటికి వచ్చేసరికి మొహం బరువుగా ఉంది.

"నిజం చెబితే పరువు దక్కుతుంది, వేరొకటి పోతుంది. ఏది కావాలో ఆయన్నే తేల్చుకోమన్నాను," అని మాత్రం చెప్పింది.

ఆదివారం పదింటికి మందుల షాపు మేడ మీది గదిలో అందరూ చేరారు. గోడకి సభ్యుల పట్టిక. దాని కింద కార్యదర్శి, కిటికీ దగ్గర డ్రాయింగు టీచరు, ఒక మూల కూతురు, ఇంకో మూల తాత. తండ్రీకూతుళ్ళు ఒకే ఇంట్లోంచి వచ్చి ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు.

వదిన కిటికీ తెరలు లాగించి, ఎర్ర కాగితం చుట్టిన టార్చి వెలిగించి, తాత పుస్తకం తెరిచింది. నున్నటి ఖాళీ పేజీ. టార్చి ఆర్పి తెర తీసింది. ఎర్రటి వరుసలు వచ్చి కూర్చున్నాయి.

"ఇది మీకు తెలిసిందే," అంది కార్యదర్శితో. "మీ ప్రశ్న ఒక్కటే. రాసేవాడికి కనపడకపోతే ఎందుకు రాస్తూ పోయాడు? మంచి ప్రశ్న. కానీ అది ఎర్ర సిరా గురించిన ప్రశ్న అనుకున్నారు. కాదు." పేజీ ఆయన ముందుకి జరిపింది. "ఈ రబ్బరు బ్యాండు చూడండి. ఒక వరుస రాయడం, బ్యాండు ఒక వరుస కిందికి దించడం, దాని మీద వేలు ఆనించి రెండో వరుస రాయడం. తొంభై రెండు దగ్గర దించడం మరిచిపోయారు, రెండు వరుసలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పట్టపగలు దొంగరాత రాసేవాడు ఆ మాత్రం చూసుకోడా? పెన్సిలుతో రాసిన పేజీల మీద కూడా ఇదే బ్యాండు నొక్కుడు ఉంది. టీ పోస్తే వేలితో కొలత. అద్దం తీసేసిన గడియారంలో వేలితో టైము."

చిట్టి గుచ్చుకున్నవన్నీ ఒక్కసారిగా దండ అయిపోయాయి.

వదిన తాత వైపు తిరిగి, ఆగింది. మిగతాది ఆయన చెప్పాల్సిన మాట. వద్దంటే పుస్తకం మూసి వెళ్ళిపోయేదే. బీమా ఆఫీసులో ఇలాంటి చోట ఆగకపోబట్టే వదినకి ఉద్యోగం నిలవలేదు.

తాత గొంతు సవరించుకున్నాడు.

"నాకు అక్షరాలు కనపడవు," అన్నాడు. "ఏడాదైంది. దేని వంక చూస్తే దాని మీద బూడిద రంగు మచ్చ వచ్చి కూర్చుంటుంది. చుట్టుపక్కలంతా బాగానే ఉంటుంది. నల్ల పెన్నో ఎర్ర పెన్నో, నాకు అన్నీ ఒకటే. ఆ పెన్ను ఎర్రదని తెల్లారాక మీరందరూ అంటే తెలిసింది. ఎందుకు చూసుకోలేదంటే ఏం చెప్పను?"

కార్యదర్శి మొహం పాలిపోయింది. కానీ ఆయన కార్యదర్శి. ఒక ప్రశ్న మిగిలిపోతే నిద్రపట్టదు. "బాబాయ్, కాగితమే కనపడకపోతే," అని నీళ్ళు నమిలాడు, "అంత మసక గెలాక్సీలు ఎలా..."

"టీచరుగారూ," అంది వదిన, "కొత్తవాళ్ళకి మీరేం చెబుతారు?"

డ్రాయింగు టీచరు అప్పటికే కళ్ళు తుడుచుకుంటోంది. "తిన్నగా చూడొద్దని చెబుతాను. కంటి నడిమి భాగం అక్షరాలు చదవడానికే, మసక వెలుతురు దానికి ఆనదు. పక్కకి చూస్తే కంటి అంచుకి కనపడుతుంది. అందరమూ అలాగే చూస్తాం."

"మీరంతా కష్టపడి నేర్చుకున్నదే ఆయనకు ఏడాదిగా రోజంతా పని," అంది వదిన. "పోయింది నడిమి భాగం. అంచులు ఎప్పటిలాగే ఉన్నాయి. ఇక ఆఖరి సందేహం. రాత్రే రాశారా, పొద్దున రాశారా?" టీచరు పుస్తకం పక్కన పెట్టింది. "నాలుగూ పన్నెండుకి ఇద్దరూ ఒకే గెలాక్సీ మీద ఉన్నారు. ఇద్దరూ ఉపగ్రహం పోవడం చూశారు. ఈవిడ పైనుంచి కిందికి అని రాశారు, ఆయన కింది నుంచి పైకి అని. టీచరుగారి టెలిస్కోపులో కుడి ఎడమలు మాత్రమే తారుమారవుతాయి. ఆయన పెద్ద అద్దం టెలిస్కోపులో లోకమంతా తలకిందులు. ఆవిడ పుస్తకంలోంచి కాపీ కొట్టి ఉంటే ఆవిడ మాటే రాసేవారు. పైగా ఆవిడ అయిదింటికే ఆ పుస్తకంతో సహా బస్సెక్కారు. కంటితో చూడకుండా ఈ తలకిందుల మాట రాయడం ఎవరి తరమూ కాదు."

కార్యదర్శి రెండు పుస్తకాలనీ చాలాసేపు చూశాడు. తర్వాత లేచి వెళ్ళి తాత కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. తాత చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆ బట్టతల మీద ఆగింది.

"నువ్వని పోల్చుకున్నాను," అన్నాడు తాత. "నున్నగా ఉంది."

అందరూ ఏడుస్తూ నవ్వారు. కూతురు మాత్రం నవ్వలేదు.

"ఇంకొక్కటి ఉంది," అంది వదిన మెత్తగా. "పెన్సిలు తాడు తెగలేదు, కోశారు. పీచు లేవకుండా, దారం తుంపినట్టు. చెప్పాలనుకుంటే చెప్పమ్మా. వద్దంటే ఇక్కడితో సరి."

కూతురి చెయ్యి మెడలోని బుల్లి కత్తెర మీదికి పోయింది.

"నేనే నాన్నా," అంది. "టీ పోస్తూ కోశాను. నీకు కనపడటం లేదని నాకు ఆరు నెలలుగా తెలుసు. కంటి డాక్టరు దగ్గర రెండుసార్లు టైము తీసుకున్నాను, రెండుసార్లూ ఏదో వంక పెట్టి ఎగ్గొట్టావు. మూడోది ఆ పొద్దున్నే తొమ్మిదింటికి. సూదిమందు వేస్తే ఉన్నది ఉన్నట్టు ఆగుతుందన్నారు. పెన్సిలు లేకపోతే విసుగొచ్చి ఇంటికొచ్చి పడుకుంటావనుకున్నాను. ఇంత అవుతుందని..."

"తెలిసీ చెప్పలేదా?" అన్నాడు తాత.

"నువ్వు దాస్తుంటే నేనెలా చెప్పను? బయటివాళ్ళెవరైనా నిన్ను గట్టెక్కిస్తే, కళ్ళ సంగతి ఎత్తకుండా పోతుందని ఈవిడ దగ్గరికి పరిగెత్తాను."

తాత కూతురి మొహం వంక చూడలేదు. ఆమె భుజం మీదుగా, గోడ వంక చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన ఇప్పుడు దేన్ని చూస్తున్నాడో గదిలో అందరికీ తెలుసు.

"తెలిస్తే టెలిస్కోపు ముట్టనివ్వవనుకున్నానే," అన్నాడు చివరికి. "ఏడ్చి ఏడ్చి మొహం ఎలా చేసుకున్నావో చూడు. రేపే పోదాం, పద. తొమ్మిదింటికేనా?"

పట్టికలో తాత పేరు పక్కన కార్యదర్శి తన చేత్తో నూట పది అని వేశాడు. నల్ల సిరాతో, చేటంత అంకెలతో.

మొదటి సూదిమందు పడ్డ రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం చీకటి పడ్డాక తాత వదిననీ చిట్టినీ తన ఇంటి మేడ మీదికి పిలిచాడు. టెలిస్కోపు మీద దుప్పటి లేదు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, తృప్తిగా తలాడించి, చిట్టిని చూడమన్నాడు. చిట్టి కన్ను ఆనించింది. చీకటి తప్ప ఏమీ లేదు.

"ఏదీ తాతగారూ?"

"తిన్నగా చూస్తున్నావు. కాస్త పక్కకి చూడు తల్లీ."

చిట్టి పక్కకి చూసింది. చీకట్లోంచి, ఎవరో అద్దం మీద ఊపిరి వదిలినట్టు, చిన్న తెల్లటి మరక మెల్లగా తేలింది. మళ్ళీ తిన్నగా చూసేసరికి లేదు. పక్కకి చూస్తే ఉంది.

ఇంటికి నడుస్తూ చిట్టి ఆ మాటే తలుచుకుని, ఒక మనిషిని అబద్ధాలకోరని ఎంత తేలిగ్గా అనేశానో కదా అంది. వీధి మలుపు తిరిగాక వాళ్ళ గుమ్మం కనపడింది. గుమ్మం ముందు అన్నయ్య కుర్చీ ఎక్కి, సుత్తి పుచ్చుకుని, వంకరగా ఉన్న బోర్డుని సరిచేస్తున్నాడు. ఇప్పుడది రెండో వైపుకి వంకరగా ఉంది.

"మీ అన్నయ్య మంచితనమూ అంతే చిట్టీ," అంది వదిన. "తిన్నగా చూస్తే ఆనదు."